అమెరికాలో విడాకుల రికార్డు కావాలంటే: ఏ కాగితం, ఏ ఆఫీసు, ఏ దారి

"అమెరికాలో విడాకులైన కాగితం కావాలి, ఎక్కడ అడగాలి?" ఈ ప్రశ్న డాలస్‌లో ఉన్నవాళ్లూ అడుగుతారు, గుంటూరులో కూర్చుని కూతురికి సంబంధం చూస్తున్నవాళ్లూ అడుగుతారు. ఇద్దరికీ ఒకే జవాబు చెబితే ఒకరికి డబ్బు దండగ, ఇంకొకరికి పని జరగదు. మనం "విడాకుల కాగితం" అనేది నిజానికి నాలుగు రకాల కాగితాలు. అందులో మీకు ఏది కావాలో ముందు తేల్చుకుంటే ఆఫీసు, ఖర్చు, టైము వాటంతటవే తేలతాయి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. గూగుల్‌లో మొదట కనిపించిన సైటులో ఏది అమ్మితే అది కొని, ఆ తర్వాత ఇది పనికొస్తుందా అని అడుగుతారు.

మొదటిది, కేసు వివరాల పేజీ. కోర్టు వెబ్‌సైట్‌లో కనిపించే జాబితా: కేసు నంబరు, ఇద్దరి పేర్లు, ఏ రోజు ఏ కాగితం దాఖలైంది. రెండోది, డిక్రీ సాదా కాపీ. జడ్జి సంతకం చేసిన తీర్పుకు జిరాక్స్ లేదా పీడీఎఫ్. మూడోది, సర్టిఫైడ్ కాపీ. అదే తీర్పు, కానీ "ఇది మా ఫైలులో ఉన్నదానికి నిజమైన నకలు" అని కోర్టు క్లర్క్ ముద్ర వేసి సంతకం పెట్టినది. నాలుగోది, రాష్ట్ర ఆరోగ్య శాఖ ఇచ్చే లెటర్ లేదా సర్టిఫికెట్. ఫలానా ఇద్దరికి ఫలానా కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఫలానా తేదీన విడాకులయ్యాయని చెప్పే ఒక్క పేజీ. తీర్పులో ఏముందో అది చెప్పదు.

వివరం తెలుసుకోవడానికే అయితే మొదటిది చాలు, అది చాలాచోట్ల ఉచితం. అమెరికాలో మళ్లీ పెళ్లయి కొత్త జీవిత భాగస్వామికి గ్రీన్‌కార్డ్ పిటిషన్ వేస్తున్నారంటే, పాత పెళ్లి రద్దయిందని చూపడానికి డిక్రీ కాపీ జతచేయాలి. వీసా ఇంటర్వ్యూ నాటికి మాత్రం సర్టిఫైడ్ కాపీ చేతిలో ఉండాలి. అమెరికా పాస్‌పోర్టులో పేరు మార్పుకైతే మొదటి నుంచీ సర్టిఫైడ్ కాపీయే. ఇండియాలో ఏ కోర్టులోనైనా, ఏ రిజిస్ట్రార్ దగ్గరైనా చూపాలంటే దాని మీద అపోస్టిల్ (ఇంకో దేశంలో చూపడానికి రాష్ట్రం వేసే ధ్రువీకరణ) కూడా పడాలి. నాలుగో రకం కాగితంతో సరిపోయే పనులు చాలా తక్కువ. అయినా ఎక్కువమంది మోసపోయేది దానితోనే, చూడ్డానికి అది "సర్టిఫికెట్"లా ఉంటుంది కాబట్టి.

కౌంటీ తెలియకపోతే

అమెరికా మొత్తానికి కలిపి విడాకుల రిజిస్టర్ అంటూ ఏదీ లేదు. కుటుంబ కేసులు రాష్ట్ర కోర్టులవి. ఫెడరల్ కోర్టుల పేసర్ సైటులో అకౌంట్ తెరిచి ఎంత వెతికినా అవి దొరకవు. దేశంలో కౌంటీలు మూడు వేలకు పైనే ఉన్నాయి, ఎవరి ఫైలు వాళ్ల దగ్గరే. కాబట్టి విడిపోయే నాటికి వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో తెలుసుకోవడమే మొదటి పని. పెళ్లి ఎక్కడ జరిగిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఊరు తెలిస్తే కౌంటీ తెలిసినట్టే అనుకోవద్దు. డాలస్ పక్కన మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది. డాలస్ నగరమే ఐదు కౌంటీల్లోకి పాకింది. టెక్సస్‌లో విడాకుల కేసు వేయాలంటే ఇద్దరిలో ఒకరు రాష్ట్రంలో 6 నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండి ఉండాలి. భర్త ఇల్లు వదిలి ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ తీసుకుని కేసు వేస్తే అది డాలస్ కౌంటీలో ఉంటుంది. భార్య ఫ్రిస్కోలోనే ఉండి తనే వేస్తే కాలిన్‌లోనో, డెంటన్‌లోనో ఉంటుంది. మూడు చోట్లా వెతకాల్సిందే.

వాషింగ్టన్ రాష్ట్రం ఇంకో రకం. అక్కడ ఏ కౌంటీలోనైనా కేసు వేయవచ్చు. ఒప్పుకుని విడిపోయే జంటల్లో చాలామంది సియాటిల్‌లో ఉంటూ, రాష్ట్రానికి అటు చివరన గోధుమ పొలాల మధ్య ఉండే లింకన్ కౌంటీకి పోస్టులో కాగితాలు పంపి పని పూర్తి చేసుకుంటారు. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో కనిపించలేదు కాబట్టి విడాకులే కాలేదనుకుంటే పప్పులో కాలేసినట్టే.

పేరుతో వెతకడం మన పేర్లకు అంత తేలిక కాదు

కోర్టు సైట్లు ఇంటిపేరు, సొంత పేరు అని రెండు గడులు ఇస్తాయి. మన పాస్‌పోర్టుల్లో ఏది ఏ గడిలో పడిందో ఆ దేవుడికే తెలియాలి. ఇంటిపేరు వదిలేసి నాన్నగారి పేరు లాస్ట్ నేమ్ అయినవాళ్లున్నారు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండటంతో అమెరికా వీసాలో ఫస్ట్ నేమ్ బదులు ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడి, కోర్టులో కూడా అదే పేరుతో నడిచినవాళ్లున్నారు. లక్ష్మికి రెండు మూడు స్పెల్లింగులు, వెంకటకు చివర 'ఏ' ఉండొచ్చు, లేకపోవచ్చు.

అందుకే ఒకే పేరు పట్టుకుని కూర్చోకుండా భార్య పేరుతో ఒకసారి, భర్త పేరుతో ఒకసారి వెతకండి. గడులు మార్చి వెతకండి. రెడ్డి, రావు, కుమార్ లాంటి పేర్లకు వందల ఫలితాలు వస్తాయి, అలాంటప్పుడు రెండో మనిషి పేరే దిక్కు. పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలు మాత్రమే ఇచ్చి చివర నక్షత్రం గుర్తు పెడితే కొన్ని సైట్లు మిగతాది అవే పూరిస్తాయి.

ఇప్పుడు దారులు పోల్చి చూద్దాం

కోర్టు సొంత వెబ్‌సైట్ ఎప్పుడూ మొదటి మెట్టు. ఖర్చు లేదు, ఇండియా నుంచి కూడా చూడొచ్చు. దాన్నుంచి మీకు దొరకాల్సింది కేసు నంబరు. అది చేతిలో ఉంటే మిగతా పనంతా సగానికి సగం తగ్గుతుంది.

రెండో దారి క్లర్క్ ఆఫీసు: నేరుగా వెళ్లి, లేదా పోస్టులో, లేదా ఆ కౌంటీ ఒప్పుకుంటే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి. సర్టిఫైడ్ కాపీ ఇవ్వగలిగింది ఫైలును కాపాడే క్లర్క్ ఒక్కరే. ఇక్కడ జనం తడబడేది ఏ క్లర్క్ అన్న దగ్గర. టెక్సస్‌లో పెళ్లి లైసెన్సు కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటుంది, విడాకుల ఫైలు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటుంది. ఇద్దరూ వేర్వేరు, ఒకరి దగ్గర అడిగితే ఇంకొకరి ఫైలు ఇవ్వలేరు. పేజీకి ఇంత అని తీసుకుంటారు. పిల్లల కస్టడీ, ఇల్లు, రిటైర్‌మెంట్ ఖాతాలు అన్నీ ఉన్న డిక్రీ 40, 50 పేజీలు కూడా ఉండొచ్చు, కాబట్టి ముందు పేజీలెన్నో అడిగి డబ్బు కట్టండి.

మూడో దారి రాష్ట్ర ఆరోగ్య శాఖ. టెక్సస్ శాఖ 1968 నుంచి జరిగిన విడాకులకు 20 డాలర్లకు వెరిఫికేషన్ లెటర్ ఇస్తుంది. ఏ కౌంటీయో అస్సలు తెలియనప్పుడు దీనికి విలువుంది, ఎందుకంటే అది రాష్ట్రమంతటినీ ఒకేసారి వెతుకుతుంది. ఆ లెటర్‌లో కౌంటీ పేరు చూసుకుని డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గరకు వెళ్లాలి. అంతకుమించి దాన్ని ఎక్కడా డిక్రీ బదులు చూపించలేరు. కాలిఫోర్నియా శాఖ దగ్గర 1962 నుంచి 1984 జూన్ వరకు జరిగిన వాటి సమాచారమే ఉంది. ఈ తరం వాళ్లకు ఆ దారి మూసుకుపోయినట్టే.

ఇక "ఎవరి రికార్డైనా రెండు నిమిషాల్లో" అని ఊరించే ప్రైవేటు సైట్లు. నా మాటగా చెప్పాలంటే వాటి మీద ఒక్క డాలరు కూడా పెట్టకండి. ఎక్కడెక్కడి నుంచో ఎత్తుకొచ్చిన పాత డేటా, ఒకే పేరున్న ముగ్గురిని కలిపేసి ఒకడిగా చూపిస్తారు. నెలనెలా కార్డు నుంచి డబ్బు లాగడం మాత్రం మర్చిపోరు. అక్కడ "రికార్డు లేదు" అని వస్తే దానర్థం ఏమీ లేదు.

లాయరును పెట్టుకోవడం ఒక కాపీ కోసం అనవసరం. ఫైలును ఎవరికీ చూపకుండా కోర్టు సీల్ చేసి ఉంటేనో, డిక్రీలో మీ పేరో తేదీయో తప్పు పడి దాన్ని కోర్టు చేత దిద్దించాల్సి వస్తేనో అప్పుడు తప్పదు.

రాష్ట్రం మారితే లెక్క మారుతుంది

టెక్సస్ బాగా తెరిచిపెట్టిన రాష్ట్రం. విడాకుల ఫైలు సాధారణంగా పబ్లిక్ రికార్డే, కేసులో సంబంధం లేనివాళ్లూ కాపీ అడగొచ్చు. సున్నితమైన నంబర్లు కప్పేసి ఇస్తారు.

కాలిఫోర్నియాలో ఫైలు పబ్లికే, కానీ ఇంట్లో కూర్చుని చదవనివ్వరు. రాష్ట్ర కోర్టు నిబంధనల ప్రకారం కుటుంబ కేసుల్లో దాఖలైన కాగితాలను బయటివాళ్లు ఎలక్ట్రానిక్‌గా చూడాలంటే కోర్టు భవనానికే వెళ్లాలి. ఇంటి నుంచి కనిపించేది కేసు జాబితా వరకే. అంటే ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లు హేవర్డ్ కోర్టుకు, సన్నీవేల్ వాళ్లు శాన్ హోసేకు వెళ్లాలి. ఒక మంచి విషయం ఉంది. మామూలు కోర్టు కాగితాలకు సర్టిఫికేషన్ ఫీజు 40 డాలర్లు, విడాకుల తీర్పుకు మాత్రం 15 డాలర్లే. కౌంటర్‌లో "డిసొల్యూషన్ జడ్జ్‌మెంట్ సర్టిఫైడ్ కాపీ" అని స్పష్టంగా అడగండి.

న్యూజెర్సీలో కేసు నంబరే చాలా సంగతులు చెబుతుంది. ఎఫ్‌ఎం అని మొదలైతే విడాకులు. ఎఫ్‌డీ అయితే విడాకులతో పని లేకుండా వచ్చిన కస్టడీ, భరణం కేసు. ఎఫ్‌వీ అయితే గృహ హింస. తర్వాత వచ్చే అంకె కౌంటీ: 12 అంటే ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్. కాపీ కోసం ఫారం నింపి అడగాలి. ఇద్దరి జీతాలు, అప్పులు ఉండే కేస్ ఇన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్‌ను బయటివాళ్లకు ఇవ్వరు.

న్యూయార్క్‌ది పూర్తిగా వేరే కథ. అక్కడ ఫ్యామిలీ కోర్టు విడాకులు ఇవ్వలేదు, కస్టడీ, భరణం, రక్షణ ఆర్డర్ల వరకే దాని పరిధి. విడాకులిచ్చేది సుప్రీం కోర్టు. పేరు చూసి కంగారు పడొద్దు, అక్కడ ఆ పేరు కౌంటీ స్థాయి కోర్టుదే. ఫైలు కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటుంది, 100 ఏళ్ల దాకా ఆ ఇద్దరికీ, వాళ్ల లాయర్లకూ తప్ప ఎవరికీ చూపించరు. బయటివాళ్లకు కోర్టు ఆర్డర్ కావాలి. రాష్ట్ర ఆరోగ్య శాఖ 1963 నుంచి జరిగిన వాటికి సర్టిఫికెట్ ఇస్తుంది, అది కూడా ఎవరు పడితే వారికి కాదు.

దొరికిన జాబితా ఎలా చదవాలి

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం. టెక్సస్ కేసు ఒకటి తెరిచారనుకోండి. పైన "ఇన్ ద మ్యాటర్ ఆఫ్ ద మ్యారేజ్ ఆఫ్" అని ఇద్దరి పేర్లు. దాని కింద "అండ్ ఇన్ ద ఇంటరెస్ట్ ఆఫ్" అని ఇంకో లైను ఉంటే పిల్లలున్నారని అర్థం. పక్కన స్టేటస్ గడిలో "డిస్పోజ్డ్" అని ఉంటుంది. దాన్ని చూసి విడాకులైపోయాయని చెప్పేస్తారు. డిస్పోజ్డ్ అంటే కేసు కోర్టు లెక్కల్లోంచి పోయిందని మాత్రమే. ఎలా పోయిందో కిందికి దిగి చూడాలి.

మొదటి లైను "ఒరిజినల్ పిటిషన్ ఫర్ డైవోర్స్". ఆ తర్వాత సమన్లు అందినట్టు "రిటర్న్ ఆఫ్ సర్వీస్" గానీ, అవతలివాళ్లు సమన్లు అక్కర్లేదని సంతకం చేసిన "వేవర్ ఆఫ్ సర్వీస్" గానీ మామూలుగా ఉంటుంది. చివర్లో "ఫైనల్ డిక్రీ ఆఫ్ డైవోర్స్" ఉంటేనే విడాకులు. దాని బదులు "నాన్‌సూట్" అని ఉంటే వేసినవాళ్లే వెనక్కి తీసుకున్నారు. "డిస్మిస్డ్ ఫర్ వాంట్ ఆఫ్ ప్రాసిక్యూషన్" అంటే ఎవరూ పట్టించుకోక కోర్టే కొట్టేసింది. ఈ రెండిటిలోనూ ఆ ఇద్దరూ ఇంకా భార్యాభర్తలే.

తేదీల్లో జడ్జి సంతకం చేసిన తేదీ ముఖ్యం. టెక్సస్‌లో పిటిషన్ వేశాక సాధారణంగా 60 రోజులు ఆగాలి. డిక్రీ వచ్చాక ఇంకొకరిని పెళ్లి చేసుకోవడానికి మామూలుగా 30 రోజులు ఆగాలి. కాలిఫోర్నియాలో ఎఫ్‌ఎల్-180 అనే ఫారం చూడండి. పైభాగంలో విడాకులు, లీగల్ సెపరేషన్, పెళ్లి చెల్లదనే తీర్పు అని మూడు గడులుంటాయి. ఏ గడిలో టిక్ ఉందో చూడకుండా "జడ్జ్‌మెంట్ వచ్చింది" అనుకోవద్దు, సెపరేషన్‌లో పెళ్లి రద్దు కాదు. అదే ఫారంలో వివాహ బంధం ముగిసే తేదీ అని విడిగా ఉంటుంది, అది తీర్పు తేదీ తర్వాత రావచ్చు.

ఆన్‌లైన్‌లో కనిపించనివీ ఉంటాయి. రక్షణ ఆర్డర్ పొందిన మనిషి ఎవరో బయటపడే సమాచారాన్ని ఇంటర్నెట్‌లో పెట్టకూడదని ఫెడరల్ చట్టమే ఉంది. కాబట్టి విడాకుల ఫైలు శుభ్రంగా కనిపించిందని ఇంట్లో గొడవలేమీ లేవని తేల్చలేరు.

సంబంధం చూస్తున్న తల్లిదండ్రులకు

మీరే డిటెక్టివ్ పని చేయడం కంటే అబ్బాయినో అమ్మాయినో నేరుగా అడగడమే నా సలహా. తన కేసు కాబట్టి న్యూయార్క్ అయినా సరే, కాపీ తనకు ఇస్తారు. సర్టిఫైడ్ కాపీ తెప్పించి చూపించమనండి, మొహమాటపడాల్సిన విషయం కాదిది. కేసు నంబరు, కౌంటీ పేరు చెప్పమంటే టెక్సస్ లాంటి చోట మీరే సరిచూసుకోవచ్చు. చెప్పడానికి నసుగుతుంటే ఆ సంబంధం గురించి మీరే ఆలోచించుకోండి. ఇంకో సంగతి, అమెరికాలో ఉంటున్నా విడాకులు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్యామిలీ కోర్టులో తీసుకుని ఉంటే, ఏ అమెరికా కౌంటీలోనూ దాని జాడ ఉండదు.

ఇండియాలో వాడుకోవాలంటే

ఇక్కడ ఒక పాత కేసు తెలుసుకుని తీరాలి. 1975లో తిరుపతిలో పెళ్లి. భర్త అమెరికాలో మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టు నుంచి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకుని, ఇక్కడికొచ్చి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీ ఇండియాలో చెల్లదని తేల్చింది. అక్కడి కోర్టు ఏ కారణంతో విడాకులిచ్చిందో అది హిందూ వివాహ చట్టంలో లేదు, భార్య ఆ కోర్టు పరిధికి ఒప్పుకోలేదు. డిక్రీ నకలు గురించి కూడా తీర్పులో ఉంది. అది ఫొటోస్టాట్ కాబట్టి పనికిరాదన్న హైకోర్టు మాటను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అక్కడి క్లర్క్ ఆఫీసు ధ్రువీకరించింది కదా, ఆ మేరకు బాగానే ఉందంది. అమెరికాలోని భారత ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేకపోవడమే అసలు లోపమంది.

ఈ రెండు ముక్కలూ మీరు క్లర్క్ దగ్గర అడగాల్సిన కాగితాల జాబితాను మార్చేస్తాయి. ఇండియా కోసమైతే డిక్రీ ఒక్కటే తెప్పించుకుంటే సరిపోదు. ఏ కారణంతో కేసు వేశారో తెలిపే పిటిషన్, సమన్లు అందినట్టున్న కాగితం లేదా వేవర్, అవతలివాళ్లు జవాబు దాఖలు చేసి ఉంటే అది, ఇవన్నీ సర్టిఫై చేయించి తెప్పించుకోండి. టెక్సస్ డిక్రీల్లో మామూలుగా కనిపించే "ఇన్‌సపోర్టబిలిటీ" (ఇక కలిసి ఉండలేనంతగా పొసగకపోవడం), కాలిఫోర్నియాలో కనిపించే "ఇర్రికన్సైలబుల్ డిఫరెన్సెస్" (సర్దుకోలేని విభేదాలు) హిందూ వివాహ చట్టంలో ఉన్న కారణాలు కావు. అలాంటప్పుడు ఇద్దరూ కోర్టు ముందుకొచ్చి ఒప్పుకున్నారని చూపే కాగితాలే మీకు బలం. మీ కేసులో అది ఎంతవరకు నిలుస్తుందో ఇక్కడి అడ్వకేటు ఆ కాగితాలన్నీ చూసి చెప్పాలి.

ధ్రువీకరణ విషయానికొస్తే, అపోస్టిల్ ఒప్పందం ఇండియాకు 2005 నుంచి వర్తిస్తోంది. అపోస్టిల్ ఇచ్చేది డిక్రీ వచ్చిన రాష్ట్రమే. టెక్సస్ డిక్రీకి ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు, ఒక్కో కాగితానికి 15 డాలర్లు. వాషింగ్టన్ డీసీకి పంపితే పని కాదు. ఎప్పుడో తీసుకున్న సర్టిఫైడ్ కాపీకి జిరాక్స్ తీసి పంపినా తిప్పి పంపేస్తారు, క్లర్క్ ముద్ర ఉన్న అసలు కాపీయే వెళ్లాలి. అందుకే క్లర్క్ దగ్గర ఒకేసారి రెండు సర్టిఫైడ్ కాపీలు తీసుకుని, ఒకటి అపోస్టిల్‌కు పంపి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. అపోస్టిల్ పేజీని డిక్రీకి కలిపి పిన్ చేసి పంపుతారు. స్కాన్ తీయడానికి వీలుగా ఉంటుందని ఆ పిన్ మాత్రం పీకకండి. పేజీలు విడిపోతే అపోస్టిల్ మళ్లీ మొదటి నుంచి చేయించుకోవాల్సి రావచ్చు.